అడ్రసు రాని మిషన్

మా బాపు సిరిసిల్లలో ఒక ఆసామి షెడ్డులో సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే మరమగ్గం. ఒక్కో సాంచా మీద ఇద్దరు పనిచేస్తారు, పగలు ఒకరు, రాత్రి ఒకరు. పొద్దున బాపు వెళ్లేసరికి గుడ్డలో పోగు లేని గీత కనిపిస్తే, అది రాత్రి మనిషి తప్పా, నూలు తప్పా, కరెంటు తప్పా అని ఎవరూ అడగరు. అడిగితే సాయంత్రానికల్లా ఇద్దరి మధ్య మాటలుండవు. మాటల్లేని ఇద్దరు ఒకే సాంచాను నడపలేరు. అందుకని ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. పోగు ఎక్కడ తెగిందో వెతకాలి, ఎవరు తెంపారో వెతకకూడదు. గుడ్డ దగ్గర మొదలుపెట్టి, పోగులు దూరే అచ్చు పళ్ల గుండా వెనక్కి, నూలు చుట్టి ఉండే భీము దాకా వేలితో తడుముతూ పోవాలి. తెగిన చోట అతుకు పెట్టి, సాంచా నడిపించాలి.

నేను కంప్యూటర్ నేర్చుకున్నది కోరుట్లలో. చెడినదాన్ని బాగుచేయడం నేర్చుకున్నది మాత్రం ఆ షెడ్డులోనే, బాపుకు అన్నం తీసుకెళ్లి తిరిగొచ్చే లోపల నిలబడి చూసి. ఆ చదువే నా కొంప ముంచుతుందని అప్పుడు నాకేం తెలుసు.

తెలంగాణ ఉద్యమం ఇంటింటికీ వచ్చిన రోజులు. నాకు డిగ్రీ అయిపోయింది. మా అమ్మ కండెలు చుట్టేది, నన్నూ పక్కన కూర్చోమనేది. బాపు అడ్డం వచ్చి, "ఒక్క ఏడాది ఇడిసిపెట్టు. కొలువు దొరికితే దొరికింది, లేకుంటే కండెలు యాడికి పోతయ్" అన్నాడు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క ఏడాదే. కోరుట్ల బస్టాండ్ దగ్గర, మేడ మీద పదహారు మిషన్లున్న ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. కోర్సు పూర్తయినా నన్ను పొమ్మనలేదు. హాజరు రాసేదాన్ని, వైర్లు సర్దేదాన్ని, చెడినవి చూసేదాన్ని. పేరుకు ఉద్యోగం కాదు, పని మాత్రం ఉద్యోగిదే.

అక్కడ పాఠాలు చెప్పే ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే ఐదారేళ్లు పెద్దది. ముత్యంపేట దిక్కు ఊరు, కూలినాలి చేసుకునే ఇల్లు, ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. బీడీలు చుట్టే ఒక ముసలమ్మ ఇంట్లో అక్క అద్దెకు తీసుకున్న గదిలోనే నేనూ ఉండేదాన్ని. గదంతా తునికాకు వాసన. ఒకే చాప, ఒకే స్టవ్వు. నాకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చినా, ఏదైనా పరీక్ష హాల్‌టికెట్టు వచ్చినా, కేరాఫ్ అని అక్క పేరు మీదే వచ్చేది. నన్ను చెల్లే అనేది. కూరలో ముక్కలు నా కంచంలోకి తోసేది. నాకు తోబుట్టువులు లేరు. అందుకేనేమో ఆ పిలుపుకి అంత లొంగిపోయాను.

సెంటర్ మూసిన సాయంత్రాలు చౌరస్తాలో ఉద్యమం వాళ్లు వేసిన టెంటు దగ్గరకు వెళ్లేవాళ్లం. ఒకరోజు రిలే దీక్షలో మా సెంటర్ వంతు వస్తే, ఇద్దరం పక్కపక్కన మెడలో దండలతో కూర్చున్నాం. 'మా కొలువులు మాకే కావాలె' అని అరుస్తున్నప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గొంతు పోయేదాకా అరిచాం. మా కొలువులు అంటున్నప్పుడు ఆ 'మా'లో నేను కూడా ఉన్నానని అనుకున్నాను.

ఆ దీక్ష అయిన వారమే సెంటర్ యజమాని, మేమంతా సార్ అనేవాళ్లం, నన్ను లోపలికి పిలిచాడు.

"జగిత్యాలల కొత్త బ్రాంచి పెడ్తున్న. ఆడ ఒక మేడం గావాలె. కోర్సు పెద్దాఫీసు నుంచి తనిఖీ సార్ అస్తడు. మిషన్ల మిషన్ పెట్టి, లినక్స్ ఎక్కించి, నెట్‌వర్క్ నడిపి సూపెట్టు. ఆయన సరే అంటే జగిత్యాల నీదే," అన్నాడు.

ఎగిరి గంతేయలేదు గానీ, మెట్లు దిగుతుంటే కాళ్లు నిలవలేదు. గదికి పోయి అక్కకు చెప్పాను. అక్క బియ్యం ఏరుతోంది. "మంచిదే గద," అంది. తల ఎత్తలేదు. చేటలో రాళ్లు చాలా ఉన్నాయేమో అనుకున్నాను.

మిషన్లో మిషన్ అంటే ఏమిటో చెప్పాలి. కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వేస్తే అది లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నమ్మిస్తుంది. ఆ లోపలి కంప్యూటర్‌కు ఉత్తుత్తి డిస్కు, ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు ఉంటాయి. దాంట్లో సీడీ పెట్టి లినక్స్ లాంటి కొత్త సిస్టం ఎక్కించుకోవచ్చు. చెడినా బయటిదానికి ఏమీ కాదు. అయితే లోపలిదానికి నెట్‌వర్క్ ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బయటి మిషన్ అడ్రసు మీదే బతకడం. దాన్ని నేను కేరాఫ్ పద్ధతి అనేదాన్ని. లోపలిది బయటికి చూడగలదు, కానీ బయటివాళ్లకు లోపల ఒకటుందని తెలియదు. రెండోది, గదిలోని మిషన్లకు అడ్రసులు పంచే రౌటర్ దగ్గర తన పేరు మీద సొంత అడ్రసు తీసుకోవడం. అప్పుడు గదిలోని ప్రతి మిషన్ దాన్ని పలకరించగలదు. తనిఖీ సార్‌కు కావలసింది ఆ రెండోదే.

గురువారం మొదలుపెట్టాను. ఏడో నంబరు మిషన్ నాది. ఎక్కించడం సగం దాకా వచ్చి, నెట్‌వర్క్ సెట్ చేసే మెట్టు దగ్గర ఒక క్షణం ఆగి, అడ్రసు తీసుకుని ముందుకు పోయింది. మూడు గంటలకల్లా నడుస్తోంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ పుట్టుకతో ఒక నంబరు ఉంటుంది, ఉత్తుత్తి కార్డుకు ఆ సాఫ్ట్‌వేరే ఒక నంబరు ఇస్తుంది. నాదాని నంబరు నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ బుక్కులో అన్ని మిషన్ల నంబర్లూ రాసి పెట్టుకోవడం నా అలవాటు, మా బాపు పోగుల లెక్క గోడ మీద బొగ్గుతో రాసుకున్నట్టు. తరవాత అక్కను పిలిచి చూపించాను. అక్క తన మూడో నంబరు మిషన్లో పిల్లలకు చూపించడానికని అప్పటికే ఒకటి పెట్టి ఉంది, అదీ నడుస్తోంది.

"గింత జల్ది ఎట్ల చేసినవే?" అంది.

ఉబ్బిపోయి అంతా విడమరిచి చెప్పాను. కార్డు నంబర్ల సంగతి, రౌటర్ ఆ నంబరు చూసే అడ్రసు ఇస్తుందన్న సంగతి, అన్నీ. నోటుబుక్కు కూడా చేతికిచ్చాను. కత్తి నూరి మరీ చేతికిచ్చాను. ఆ సాయంత్రం అక్క మిర్చీలు కొనిపెట్టింది.

శుక్రవారం, శనివారం బందు. బందు రోజు మా మేడకు షటర్ సగం దించి, అక్క లోపల కూర్చుని హాజరు పట్టీలు దిద్దుకునేది. నేను రాస్తారోకోకు పోయి రోడ్డు మీద వండిన పులిహోర తిని వచ్చాను. సోమవారం మిషన్ తెరిస్తే లోపలిదానికి అడ్రసు లేదు.

మొదట నవ్వుకున్నాను. మూడు రోజులు మూసి ఉంచితే ఏ మిషనైనా అలుగుతుంది. ఆపి మళ్లీ తెరిచాను. లేదు. ఎక్కించింది సరిగా కుదరలేదేమో అని మొత్తం తుడిచి మొదటి నుంచీ ఎక్కించాను. నెట్‌వర్క్ మెట్టు దగ్గర ఆగింది. గీత మెల్లగా నిండి, 'అడ్రసు దొరకలేదు, మళ్లీ ప్రయత్నించాలా' అని అడిగింది. ప్రయత్నించాను. అడిగింది. ప్రయత్నించాను. ఆ వారంలో ఆ మాట ఎన్నిసార్లు చదివానో ఆ మిషన్‌కే తెలియాలి.

బాపు పద్ధతిలో వెతకడం మొదలుపెట్టాను. గుడ్డ దగ్గర నుంచి భీము దాకా. లోపలి సిస్టంలో కార్డు కనిపిస్తోందా? కనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో సొంత అడ్రసు పద్ధతే ఎంచుకున్నానా? ఎంచుకున్నాను. బయటి మిషన్‌కు నెట్ వస్తోందా? శుభ్రంగా వస్తోంది. వైరు మార్చాను. వైర్లన్నీ కలిసే డబ్బాలో రంధ్రం మార్చాను. సీడీ గీత పడిందేమో అని కొత్త సీడీ రాసుకున్నాను. ఏడో మిషన్ వదిలి పదో మిషన్లో పెట్టాను. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయేది, పోయినప్పుడల్లా సగం ఎక్కిన సిస్టం మొదటికి వచ్చేది. బొగ్గు గనులు సమ్మెలో ఉన్నాయి, కరెంటును తిట్టుకోవడానికి కూడా మనసొప్పదు. మన సమ్మె, మన చీకటి.

ఒకటే నాకు అంతుపట్టలేదు. అక్కది నడుస్తోంది.

"అక్కా, నీదానికి అడ్రసు ఎట్ల అస్తుంది?" అని అడిగాను.

"నాది ముందే తీసుకున్నది గదనే. గదే పట్టుకొని ఉన్నది. ఇప్పుడు బంద్ చేస్తె నాదానికి గూడ రాదు గావచ్చు," అంది. అంటూనే నా తలలో ఆరిపోయిన మల్లెపూలు తీసి కొత్తవి పెట్టింది.

అది జరగడానికి వీలున్న మాటే. అందుకే నమ్మాను. అబద్ధం ఎప్పుడూ అలాగే ఉంటుంది, జరగడానికి వీలున్నట్టు.

వెనక్కి వెనక్కి పోతే మిగిలింది రౌటర్ ఒక్కటే. అది నా సాంచాకు భీము. దాన్ని తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. అక్కను అడిగితే, "సార్‌కే ఎరుక," అంది. సార్ ఆ రోజు టెంటులో దీక్షలో ఉన్నాడు. చౌరస్తాకు పోయి, జనాన్ని తోసుకుని, దండల మధ్య కూర్చున్న ఆయన దగ్గర వంగి అడిగాను.

"గవన్ని నాకేడ ఎరుక? మేడంకే ఎరుక. ఆమెనడుగు పో," అన్నాడు.

మేడ ఎక్కి వచ్చి అక్కతో అదే చెప్పాను. అక్క చాక్‌పీస్ పక్కన పెట్టి నవ్వింది. "ఆయన గట్లనే అంటడు. మార్చింది ఆయననే, మర్చిపోయింది ఆయననే. దీక్షల గూసున్నోనికి పాస్‌వర్డ్ యాదికుంటదా?"

నేనూ నవ్వాను. ఇద్దరు మనుషులు ఒకే సంగతిని రెండు రకాలుగా చెప్తుంటే, అందులో ఒకరు అబద్ధం చెప్తున్నారని చిన్నపిల్లకైనా తట్టాలి. నాకు తట్టలేదు. నేను తెగిన చోటు వెతుకుతున్నాను. తెంపిన మనిషిని వెతకడం మా షెడ్డులో నేర్పలేదు.

రౌటర్ వెనక చిన్న రంధ్రం ఉంటుంది. పిన్నుతో నొక్కితే అన్నీ తుడిచిపెట్టుకుపోయి కొత్తదానిలా అవుతుంది. ఒక మధ్యాహ్నం పిన్ను పట్టుకుని నిలబడ్డాను కూడా. అక్క పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పిచ్చి లేసిందా నీకు? అది నొక్కితె ఎక్స్ఛేంజోళ్లు అచ్చి మళ్ల పెట్టాలె. ఈ బందులల్ల ఎవలస్తరు? సెంటర్ మొత్తం నెట్ లేకుంట అయితది. తనిఖీల నాది గూడ పోతది, నీది గూడ పోతది."

టెంటులో పైకెత్తిన చెయ్యి అదే. ఇప్పుడు గట్టిగా కిందికి పట్టుకుంది. నిజమే కదా, నా ఒక్కదాని కోసం అందరి నెట్ తీసేస్తానా అని నాకే సిగ్గేసింది. పిన్ను జేబులో వేసుకుని అక్కకు సారీ చెప్పాను. మోసం చేసినదానికి మోసపోయినది చెప్పిన సారీ అది. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తనిఖీ రెండుసార్లు బందుల వల్ల వాయిదా పడింది. ప్రతి వాయిదాకీ దేవుడు నాకు ఇంకో వారం ఇచ్చాడనుకున్నాను. ముందు రోజు అక్కే సలహా ఇచ్చింది. "కేరాఫ్ పద్ధతిల పెట్టి సూపెట్టు. నెట్ అయితె నడుస్తది గద. ఆయనకేం సమజైతది?"

ఇంకో దారి లేక అలాగే పెట్టాను.

తనిఖీ సార్ నెమ్మదైన మనిషి. నా మిషన్ ముందు నిలబడి, లోపలి సిస్టం నుంచి బయటి పేజీలు తెరుచుకోవడం చూసి తల ఊపాడు. నా ప్రాణం లేచి వచ్చింది. తరవాత ఆయన వెళ్లి మొదటి మిషన్ ముందు కూర్చుని, అక్కడి నుంచి నాదాన్ని పలకరించాడు. జవాబు లేదు. మళ్లీ పలకరించాడు. లేదు. అక్కదాన్ని పలకరించాడు. వెంటనే పలికింది.

"గిది బయటికి సూస్తుంది గని బయటోళ్లకు కనపడుతలేదమ్మా. సొంత అడ్రసు ఏది?" అన్నాడు, కోపం లేకుండా.

నేను వైర్లన్నాను, కరెంటన్నాను, బందులన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు వినిపించింది నాకే. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని అక్క దిక్కు తిరిగాడు. జగిత్యాల అక్కకు వచ్చింది. ఆ నెలాఖరుకు కోరుట్ల సెంటర్ మూసేస్తున్నట్టు బోర్డు పెట్టారు. బందులతో పిల్లలు రావడం తగ్గిపోయిందన్నారు. అంటే నాకు హాజరు పట్టీ కూడా లేదు.

గదిలో అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఓడిపోయింది నేను, ఓదార్చిందీ నేనే. "నాకు రానిదానికి నువ్వేం జేస్తవక్కా," అన్నాను. వెళ్లేముందు సిరిసిల్ల నుంచి బాపు పంపిన తెల్ల లంగాల గుడ్డ, ఆయన నడిపే సాంచా మీద దిగినది, ఒక తాను అక్కకు ఇచ్చి వచ్చాను. జగిత్యాలకు కొత్త బట్టలతో పోవాలని.

ఇంటికొచ్చి కండెలు చుట్టాను. ఏడాది ఇంకా మూడు నెలలుంది గానీ, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ దెప్పలేదు, అదే ఎక్కువ బాధ. నేను మొద్దునని, నా చేతిలో పట్టు లేదని, కంప్యూటర్లు మనలాంటి ఇళ్లవాళ్లకు కాదని చక్రం తిరిగినన్ని సార్లు అనుకున్నాను. ఒకరోజు బాపు అన్నం తింటూ అడిగాడు.

"పోగు ఏడ తెగిందో దొరికిందా బిడ్డా?"

"దొరకలేదు బాపూ."

"దొరుకుతది. తెగిన పోగు యాడికీ పోదు, ఆడనే ఉంటది."

పది నెలల తరవాత జగిత్యాల నుంచి సార్ ఫోన్ చేశాడు. అక్క కాన్పు కోసం తల్లిగారింటికి పోయిందట. ఆమెకు పెళ్లయిన సంగతే నాకు తెలియదు, పిలుపు రాలేదు. కొత్తగా నాలుగు మిషన్లు తెప్పిస్తే ఒక్కదానికీ అడ్రసు రావడం లేదట.

"నువ్వు గియన్ని పట్టుకొని దేవులాడేదానివి గద. ఒక్కరోజు అచ్చి పో," అన్నాడు.

అడ్రసు రావడం లేదన్న మాట వినగానే పాత నోటుబుక్కు వెతికి సంచిలో వేసుకున్నాను. వేములవాడ దాకా ఒక బస్సు, అక్కడ యాత్రికుల మధ్య నిలబడి ఇంకో బస్సు పట్టుకుని జగిత్యాలలో దిగాను. కోరుట్ల మిషన్లే, కోరుట్ల రౌటరే, తెచ్చి కొత్త గదిలో పెట్టారు. పాస్‌వర్డ్ అడిగితే సార్ అక్క టేబుల్ సొరుగు లాగి ఒక చీటీ ఇచ్చాడు. అక్క చేతిరాత. కాగితం మడతల దగ్గర నలిగి, పసుపు పట్టి ఉంది. కోరుట్ల సెంటర్ హాజరు పట్టీలోంచి చింపిన కాగితం అది. నేనే గీతలు గీసిన పట్టీ.

అప్పటికే నాకు తెలిసిపోయింది. అయినా ఆ పాస్‌వర్డ్ కొట్టి రౌటర్ తెరిచాను.

రౌటర్‌లో ఒక జాబితా ఉంది. జాబితాలో ఉండి, పక్కన టిక్కు ఉన్న కార్డులకే అడ్రసు ఇవ్వాలని దానికి చెప్పి ఉంచారు. పదహారు మిషన్ల నంబర్లు, ప్రతిదాని పక్కన టిక్కు. పదిహేడోది మూడో మిషన్‌లోని లోపలి కార్డు. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో 'నాది' అని పేరు. టిక్కు ఉంది.

పద్దెనిమిదో వరుస ఒకటి ఉంది. నంబరు చూడగానే గుర్తుపట్టాను. అయినా సంచిలోంచి నోటుబుక్కు తీసి అంకె అంకె పోల్చుకున్నాను. గురువారం నేను రాసుకున్న నంబరు, నా ఏడో మిషన్ లోపలిది. దాని పక్కన పేరు 'చెల్లె' అని ఉంది. టిక్కు లేదు.

నా నంబరు అసలు లేకపోయినా నాకు అడ్రసు వచ్చేది కాదు. ఆమె రాయాల్సిన పనే లేదు. ఆ బందు రోజు, సగం దించిన షటర్ కింద, నేను రోడ్డు మీద కొలువుల కోసం గొంతు చించుకుంటుంటే, ఆమె నా నోటుబుక్కు ముందు పెట్టుకుని ఒక్కో అంకె కొట్టింది. ఎవరూ చూడని చోట కూడా నన్ను చెల్లె అనే రాసింది. నన్నూ లోపలికి రానిద్దామనే రాసి ఉంటుంది. రాసి, ఆ టిక్కు పెట్టనే లేదో, పెట్టి తీసేసిందో. నాకు తెలియని మనిషి చేసి ఉంటే దొంగ అని తిట్టి మర్చిపోయేదాన్ని. నేను శత్రువునై ఆ జాబితాలో లేకుండా పోయినా ఓర్చుకునేదాన్ని. చెల్లెనై ఉండి, టిక్కు లేకుండా ఉండడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను దొంగతో ఒకే చాప మీద పడుకుని, తెల్లారి లేచి వైర్లను అనుమానించాను.

సార్‌కు స్క్రీన్ చూపించి అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చదివాడు.

"అయ్యో. కొర్ట్లది మూసేస్త, ఇద్దర్ల ఒక్కలనే జగిత్యాల తీస్కపోత అని ఆమెకు ముందే చెప్పిన. భయపడ్డదేమో. నీకు చెప్పలేదా ఆమె?"

"మీరు నాకెందుకు చెప్పలేదు సార్? జగిత్యాల నీదే అంటిరి గద?"

"ఆమె చెప్తదనుకున్న. మీరిద్దరు అక్కచెల్లెండ్ల లెక్క ఉంటిరి."

అక్కచెల్లెళ్లలా ఉన్నవాళ్లను ఒక ముక్క ముందు నిలబెట్టి, ఒకరి కళ్లకు మాత్రం గంతలు విప్పాడీయన. అదే ఆయన ముఖం మీద అన్నాను. ఆయనకు కోపం రాలేదు, వచ్చినా బాగుండేది. "అయిందేదో అయింది. ఆమె అచ్చేదాంక మూడు నెలలు నువ్వు గూసో మరి," అన్నాడు. మళ్లీ కేరాఫ్ పద్ధతే, అక్క కుర్చీలో, అక్క అడ్రసు మీద. ఆలోచించి చెప్తానని చెప్పాను. తరవాత ఏమీ చెప్పలేదు. బాపు ఇచ్చిన ఏడాది ముగిసిన చాలా రోజులకు ఇంకో ఊళ్లో నాకు పని దొరికింది, అది వేరే సంగతి.

ఆ రోజు మాత్రం వచ్చిన పని పూర్తి చేశాను. కొత్త మిషన్లు నాలుగింటి నంబర్లూ జాబితాలో రాసి, నాలుగింటికీ టిక్కులు పెట్టాను. అడ్రసులు వెంటనే వచ్చాయి. పద్దెనిమిదో వరుస దగ్గర చాలాసేపు ఆగాను. టిక్కు పెట్టలేదు, తీసేయనూ లేదు. ఆమె తిరిగొచ్చి తెరిచినప్పుడు కనపడాలి. చీటీని మళ్లీ అవే మడతల మీద మడిచి సొరుగులో పెట్టాను.

సిరిసిల్లలో దిగి ఇంటికి పోకుండా తిన్నగా షెడ్డుకు పోయాను. అన్ని సాంచాలూ నడుస్తున్నాయి, ఆ మోతలో మాట వినపడదు. బాపు నన్ను చూసి, నా ముఖం చూసి, దగ్గరకు వచ్చి చెవి దగ్గర వంగాడు.

"దొరికిందా?"

"దొరికింది."

"అతుకు పెట్టినవా?"

"లేదు బాపూ."

ఆయన వెనక్కి పోయి, నడుస్తున్న తన సాంచాను ఆపాడు. పోగు తెగకుండా ఆయన సాంచా ఆపడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చి, ఆ షెడ్డులో ఎవరూ ఎవరినీ అడగని మాట అడిగాడు.

"ఎవలు తెంపిండ్రు బిడ్డా?"

చెప్పాను.